పిల్లలకి తెలుగు స్పెల్లింగులు ఆటల్లో నేర్పించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు రాయిస్తుంటాను. వాళ్ళ అమ్మానాన్నలు లిఫ్ట్ దగ్గరా వాట్సాప్‌లోనూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే రకం, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నా. ఇవి ఎక్కువగా ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లల గురించి. ఇంగ్లీష్ స్పెల్లింగుల గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక ప్రశ్న దానికీ ఉంది.

తెలుగులో పలికినట్టే రాస్తాం కదా, స్పెల్లింగ్ ప్రాక్టీస్ ఎందుకసలు?

అందరూ ఇదే అంటారు, సగం నిజమే. కానీ మనం ఎలా పలుకుతున్నామో ఒకసారి వినండి. మధ్యాహ్నం అని రాస్తాం, "మద్యాన్నం" అంటాం. బ్రహ్మని "బ్రమ్హ" అంటాం, చిహ్నాన్ని "చిన్హం" అంటాం. ధ, భ, ఘ ఒత్తి పలకడం చాలా ఇళ్ళల్లో ఎప్పుడో పోయింది, టీవీ యాంకర్లలో కూడా కొంతమందే పలుకుతారు. పిల్లాడు విన్నది విన్నట్టు "విద్యార్ది" అని రాస్తే వాడి చెవి తప్పేం కాదు, మన నోరే అలా ఉంది.

నేను చూసినంతలో తప్పులు నాలుగు చోట్ల వస్తాయి: దీర్ఘాలు, ఒత్తులు, ఒత్తి పలికే అక్షరాలు, ఇంకా ల-ళ, న-ణ, శ-ష-స లాంటి జంటలు. ఒక్కో తప్పుకి ఒక్కో రకం ఆట కావాలి. అందుకని ఆట మొదలెట్టే ముందు డిక్టేషన్ నోట్‌బుక్ తెరిచి ఓ నాలుగు పేజీలు చూడండి, మీవాడి బలహీనత ఎక్కడో అక్కడే కనిపిస్తుంది. అది చూడకుండా యూట్యూబ్‌లో కనపడ్డ ఆటలన్నీ ఆడిస్తే సరదా ఉంటుంది కానీ స్పెల్లింగ్ మారదు.

మావాడు దీర్ఘాలు పెట్టడు. ఏం చెయ్యాలి?

దీర్ఘం చెవికి సంబంధించిన విషయం, పెన్సిల్‌తో మొదలెట్టకండి. దీర్ఘం ఒక్కటే తేడాగా ఉన్న జంటలు తీసుకోండి: నెల–నేల, మెడ–మేడ, వెల–వేల, కొన–కోన, దొర–దోర. మీరు "మెడ" అంటే వాడు మెడ పట్టుకోవాలి, "మేడ" అంటే పైకి చూపించాలి, "నేల" అంటే కింద కూర్చోవాలి, "నెల" అంటే క్యాలెండర్ దగ్గరికి పరిగెత్తాలి. కాస్త స్పీడ్ పెంచితే నవ్వులే నవ్వులు. తేడా చెవికి పట్టాక అవే మాటలు పలక మీద రాయించండి.

ఈ జంటలన్నీ ఎ–ఏ, ఒ–ఓ లవే అని గమనించారా. ఆ రెండూ పిల్లలకి ఎక్కువ కష్టం, ఎందుకంటే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కంటికి తెలుస్తుంది కానీ ఎత్వం ఏత్వం మధ్య తేడా చిన్న వంపు మాత్రమే, గబగబా రాస్తే ఎగిరిపోతుంది. అందుకని రాసేటప్పుడు దీర్ఘం ఉన్న అక్షరాన్ని సాగదీసి పలుకుతూ రాయమనండి, "మేఏఏడ" అని. చేతిలో రబ్బర్ బ్యాండ్ పెట్టి సాగదీయించే టీచర్లు ఉన్నారు, అది కూడా బాగానే పనిచేస్తుంది, కాకపోతే కాసేపటికి ఆ రబ్బర్ బ్యాండ్ ఎవరి చెవికి తగులుతుందో చెప్పలేం.

ఒత్తులు మర్చిపోతుంది, పెట్టినా వేరే ఒత్తు పెడుతుంది. దీనికేమైనా ఆట ఉందా?

దీనికి నాకు బాగా నచ్చిన ఆట ఇంట్లో వాళ్ళ ఫోటోలతో ఆడేది. మన చుట్టరికాల పిలుపులు చూడండి: అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, చెల్లి, తమ్ముడు, పిన్ని, పెద్దమ్మ, తాతయ్య, మామయ్య. అన్నిట్లోనూ ద్విత్వాలే! ఒత్తుల్లో చాలావరకు అసలు అక్షరాన్ని, తలకట్టు ఉంటే తీసేసి, చిన్నగా రాసినట్టు ఉంటాయి, ద, జ, వ, ప లాంటివి, వాటితో పిల్లలకి పెద్దగా గొడవ లేదు. గొడవంతా క, త, న, మ, య, ర, ల తోనే, వాటి ఒత్తు వేరే ఆకారంలో ఉంటుంది. ఆ ఏడింటిలో ఆరు పైన చెప్పిన పిలుపుల్లోనే వచ్చేస్తాయి. మిగిలిన ర ఒత్తుకి జీలకర్ర, గొర్రె, కర్ర ఉండనే ఉన్నాయి.

ఒక చార్ట్ మీద ఫ్యామిలీ ఫోటోలు అంటించి కింద పిలుపులు రాయించండి. తర్వాత పేర్లన్నీ చీటీలుగా కత్తిరించి కలిపేసి, ఎవరి ఫోటో కింద ఏది పెట్టాలో ఆడించండి. చివర్లో చీటీలు తీసేసి చూడకుండా రాయమనండి. తమాషాకి తప్పు చీటీలు కూడా కొన్ని కలపండి, "అకక", "చెలి" లాంటివి, అవి పట్టుకుంటే అదనపు పాయింట్.

చదివేటప్పుడైతే చప్పట్ల ఆట. ప్రతి అక్షరానికి ఒక చప్పట్, ఒత్తు వస్తే చప్పట్‌తో పాటు కాలు నేలకి కొట్టాలి. "పి" చప్పట్, "ల్లి" చప్పట్ ప్లస్ కాలు. కింద ఫ్లాట్ వాళ్ళకి ముందే చెప్పుకోండి.

సంయుక్తాక్షరాలు ఇంకాస్త కష్టం, పుస్తకాన్ని "పుత్సకం" అని, సూర్యుడిలో రకి య ఒత్తు బదులు యకి ర ఒత్తు పెట్టి రాసేవాళ్ళు ప్రతి క్లాసులో ఉంటారు. ఇక్కడ మాటని విరిచి పలికించాలి, "పుస్... తకం", "సూర్... యుడు". ఆగిన చోట నోట్లో ఏ అక్షరం ఉందో అది పెద్దగా రాయాలి, తర్వాత వచ్చేది కింద ఒత్తుగా వెళ్తుంది. ఈ ఒక్క సూత్రం వాళ్ళకి దొరికితే క్రికెట్, ఫ్రిజ్, బ్రెడ్, స్కూల్, ఇలా వాళ్ళకి రోజూ పనిపడే మాటలన్నీ వాళ్ళే రాసేస్తారు. నేనైతే సంయుక్తాక్షరాలు ఆ మాటలతోనే మొదలెడతాను, పాఠంలో ఉన్న పెద్ద పెద్ద మాటలతో కాదు.

ద–ధ, బ–భ, ట–ఠ ఎప్పటికీ తేలవు. వీటికి రూల్ ఏమైనా ఉందా?

పిల్లలకి చెప్పగలిగే రూల్ లేదు, అలవాటు కావాల్సిందే. కానీ ముందు ఆ రెండు శబ్దాలూ వేరు అని వాళ్ళకి తెలియాలి. సన్నటి కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని "క, ఖ", "ట, ఠ", "ప, ఫ" అనమనండి. ఒత్తి పలికినప్పుడు కాగితం ఎగురుతుంది. ఖ, ఠ, థ, ఫ లకి బాగా ఎగురుతుంది, ఘ, ధ, భ లకి కొంచెమే కదులుతుంది, అది కూడా పిల్లలే కనిపెడతారు.

తర్వాతది నాటకం ఆట. మామూలుగా మాట్లాడేటప్పుడు ఒత్తి పలకమంటే సిగ్గుపడతారు కానీ పౌరాణిక నాటకంలోలా గద భుజాన వేసుకుని అరవమంటే ఎవరూ వెనక్కి తగ్గరు. భీముడు, భీష్ముడు, ధర్మరాజు, దుర్యోధనుడు, ఘటోత్కచుడు, ధృతరాష్ట్రుడు, భారతంలో పేర్లన్నీ ఇలాంటివే. ఒకరు పేరు గర్జించాలి, రెండోవాళ్ళు రాయాలి. ఒత్తి పలక్కపోతే ఆ పాత్ర ఓడిపోయినట్టు. ఆ గొంతు ఒకసారి అలవాటయ్యాక డిక్టేషన్‌లో ధనియాలు, భోజనం, పాఠం, విద్యార్థి కూడా మనసులో ఆ గొంతుతోనే చదువుకుని రాస్తారు. అర్థం, అర్ధం మాత్రం విడిగా చెప్పాలి: అర్ధరాత్రిలో ఉన్న సగం ధ తో, మాటకి ఉన్న అర్థం థ తో.

ఇంకోటి, రోడ్డు మీద ఫ్లెక్సీల వేట. పుట్టినరోజులకీ పండగలకీ కట్టే ఫ్లెక్సీల్లో "శుబాకాంక్షలు" ఎన్ని రకాలుగా ఉంటుందో మీకు తెలుసు. స్కూల్‌కి వెళ్ళే దారిలో ఒక్కో తప్పు పట్టుకుంటే ఒక పాయింట్, సరైనది చెప్తే రెండు. షాపు బోర్డులు, గోడమీద రాతలు, ఆటో వెనక కవిత్వం, అన్నీ లెక్కే. ఒక్క హెచ్చరిక, ఇది అలవాటయ్యాక పెళ్ళికి వెళ్ళినప్పుడు స్టేజీ మీద బోర్డు చూసి అందరి ముందూ తప్పులు చెప్తారు, మీరు సిద్ధంగా ఉండాలి.

ల–ళ, న–ణ, శ–ష–స?

కల–కళ, వేల–వేళ లాంటి జంటలతో బొమ్మలు గీయించండి. పడుకున్న మనిషి ఒకవైపు, నాట్యం చేసే అమ్మాయి ఒకవైపు. ణ కి ఒక చిట్కా ఉంది: ఋ, ర, ష తర్వాత సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో చాలాసార్లు ణ నే వస్తుంది, కారణం, భాషణం, కృష్ణ, వర్ణం. అన్నిటికీ పనిచెయ్యదు కానీ ఊతంగా పనికొస్తుంది. శ-ష-స కి మాత్రం నాకు ఆటలకన్నా పుస్తకాలు చదివించడమే ఎక్కువ ఫలితం ఇచ్చింది.

నాలుక తిప్పే మాటలు కూడా వదలకండి. "లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకి ఒక భక్ష్యం లక్ష్యమా" అనేది ముందు నోటికి రానివ్వండి, తర్వాత డిక్టేషన్ ఇవ్వండి. క్ష, దాని కింద య ఒత్తు ఎక్కడ ఉందో ఎక్కడ లేదో ఆ ఒక్క వాక్యంలోనే తేలిపోతుంది.

తప్పు రాసినవి పదిసార్లు రాయిస్తే వచ్చేయదా? మాకు అలాగే వచ్చింది.

పదిసార్లు రాయమన్నప్పుడు పిల్లలు ఏం చేస్తారో పక్కన నిలబడి చూడండి. ముందు పై నుంచి కిందకి పది "పు"లు, తర్వాత పది "స్త"లు, తర్వాత పది "కం"లు. మాట మొత్తంగా ఒక్కసారి కూడా రాయరు! చెయ్యి నొప్పెట్టడం తప్ప లాభం లేదు.

చూసి పదిసార్లు రాసేకన్నా, చూసి, మూసి, గుర్తు తెచ్చుకుని ఒక్కసారి రాసి, తెరిచి సరిచూసుకుంటే ఎక్కువ నిలుస్తుంది. దాన్నే పరుగు డిక్టేషన్‌గా మార్చొచ్చు. మాటలున్న చీటీ ఫ్రిజ్ మీద అంటించండి, నోట్‌బుక్ బాల్కనీలో పెట్టండి. పిల్లాడు పరిగెత్తుకెళ్ళి ఒక మాట చూసి, దాన్ని మనసులో పెట్టుకుని తిరిగొచ్చి రాయాలి, మర్చిపోతే మళ్ళీ పరిగెత్తాలి. మొదట్లో ఒక్కో అక్షరం మోసుకొస్తారు, పోనుపోను మాట మొత్తం మోసుకొస్తారు, నాలుగో తరగతి వాళ్ళయితే చిన్న వాక్యం కూడా. ఇద్దరు పిల్లలుంటే రేస్ పెట్టొచ్చు.

రోజుకి ఎన్ని పదాలు? ఎంతసేపు?

ఐదారు మాటలు, పది పదిహేను నిమిషాలు, చాలు. అందులో రెండు పాత మాటలు ఉండాలి, నిన్నటివి ఒకటి, పోయిన వారానివి ఒకటి. మాటలు వాళ్ళ తప్పుల్లోంచే తీసుకోండి, ఎక్కడో దొరికిన లిస్ట్ వద్దు.

అస్సలు కుదురుగా కూర్చోడు, పెన్సిల్ పట్టుకోమంటే ఏడుపు.

అయితే పెన్సిల్ వద్దు. డాబా మీదో పార్కింగ్‌లోనో చాక్‌పీస్‌తో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీయండి. గళ్ళల్లో అంకెలకి బదులు గుణింతం గుర్తులు: దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం, ఎత్వం, ఏత్వం. ఆరోజు అక్షరం "మ" అనుకోండి, బిళ్ళ కొమ్ము గడిలో పడితే "ము" తో ఒక మాట చెప్పి, కుంటుకుంటూ వెళ్ళి, చివరి గడిలో ఆ మాట చాక్‌పీస్‌తో రాయాలి. రాసింది తప్పయితే బిళ్ళ పక్కవాళ్ళకి.

ఎండాకాలం సాయంత్రాలైతే పాత పెయింట్ బ్రష్, చెంబుడు నీళ్ళు ఇచ్చి బండల మీద రాయమనండి. ఆరిపోయేలోపు పక్కవాడు చదవాలి. ఇంకా చిన్నవాళ్ళకి పళ్ళెంలో రవ్వో బియ్యప్పిండో పోసి వేలితో రాయించండి, అక్షరాభ్యాసం రోజు బాసరలోనో ఇంట్లోనో బియ్యంలో దిద్దించింది అదే కదా. కాకపోతే రెండో తరగతి దాటినవాళ్ళకి పిండిలో రాయడం చిన్నపిల్లల పనిగా అనిపిస్తుంది, వాళ్ళని బలవంతపెట్టకండి.

వైకుంఠపాళి పటం ఇంట్లో ఉంటే అదీ పనికొస్తుంది. పాము నోట్లో పడ్డప్పుడు మీరు చెప్పిన మాట తప్పు లేకుండా రాస్తే దిగక్కర్లేదు. నిచ్చెన ఎక్కాలన్నా రాయాల్సిందే. పెద్ద పాముకి పెద్ద మాట.

మా పాప మ, వు, య కలిపేస్తుంది.

చాలామంది కలిపేస్తారు. ప, ఫ, వ లకి కొమ్ము మిగతా అక్షరాలకి తగిలినట్టు కాకుండా కాస్త కిందగా తగులుతుంది, అలా లేకపోతే వు అచ్చం మ లా అయిపోతుంది. "మామ, పువ్వు, వాము, మావయ్య" ఈ నాలుగూ పెద్ద సైజులో రాసి, కొమ్ములకి మాత్రం ఎర్ర రంగు వేయించండి. ఒకట్రెండు వారాల్లో సర్దుకుంటుంది.

అక్షరాల బిళ్ళలతో మాటలు కట్టే స్క్రాబుల్ లాంటిది తెలుగులో ఆడించొచ్చా?

ఆడించొచ్చు కానీ ఇంగ్లీష్‌లోలా బిళ్ళలు చేస్తే కుదరదు. క్ష, ఱ తో కలిపి హల్లులు 36, ఒక్కోదానికి గుణింతం 16 రూపాలు, అంటే 576 బిళ్ళలు, ఇంకా ఒత్తులు మొదలే పెట్టలేదు. దీనికి మేం వాడే పద్ధతి ఇది: పాత పెళ్ళిపత్రికలు చతురస్రాలుగా కత్తిరించి వాటి మీద తలకట్టు లేకుండా హల్లులు రాయాలి. నోట్‌బుక్ అట్టలకి వేసే పారదర్శక ప్లాస్టిక్ షీట్‌ని అదే సైజులో కత్తిరించి దాని మీద పర్మనెంట్ మార్కర్‌తో తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము ఇలా ఒక్కో గుర్తు, వేరే రంగులో ఒత్తులు రాయాలి. అట్ట మీద ప్లాస్టిక్ ముక్క పెడితే అక్షరం తయారు, ఇంకో ముక్క పెడితే ఒత్తు కూడా వచ్చేస్తుంది. గుర్తులు అక్షరానికి సరిగ్గా అతకవు, కొంచెం అటూ ఇటూ అవుతాయి, ఏం పర్లేదు. పిల్లలకి అక్షరం ముక్కలుగా విడిపోతుందని తెలియడమే ఇందులో అసలు లాభం. క తో ఎన్ని మాటలు చేయొచ్చో పోటీ పెట్టండి, దీర్ఘానికి 1, ఒత్తుకి 3, క్ష కి 5 పాయింట్లు.

ఇంత ఓపిక లేకపోతే గళ్ళనుడికట్టు. ఒక గడిలో ఒక అక్షరం, గుణింతం ఒత్తు అన్నీ కలిపి. ఐదు గళ్ళ నిలువు, ఐదు గళ్ళ అడ్డం చాలు. నింపమనడం కన్నా తయారుచెయ్యమనడం మంచిది, ఆధారాలు రాయడానికి బోలెడు తెలుగు వాడాల్సి వస్తుంది, నాన్న నింపలేకపోతే ఇంకా ఆనందం.

అక్షరాలు ఊహించి మాట కనిపెట్టే హ్యాంగ్‌మ్యాన్ తెలుగులో ఆడితే ఎప్పటికీ పూర్తి కావట్లేదు, ఎలా ఆడాలి?

రెండు మెట్లుగా ఆడండి. ముందు హల్లు కనిపెట్టాలి, అది దొరికాక దాని గుణింతం, తర్వాత ఒత్తు. ఉరి బొమ్మ చిన్నపిల్లలకి ఎందుకని మేం మామిడిచెట్టు గీస్తాం, తప్పు చెప్పినప్పుడల్లా కోతి ఒక కాయ తీసుకుపోతుంది, ఎనిమిది కాయలు అయిపోతే కోతి గెలిచినట్టు.

అంత్యాక్షరి మాటలతో ఆడితే "డు", "లు", "ము" దగ్గరే ఇరుక్కుపోతున్నాం.

తెలుగు మాటలు ఎక్కువ వాటితోనే ముగుస్తాయి కాబట్టి అది తప్పదు. గుణింతం వదిలేసి హల్లు మాత్రమే తీసుకోండి, రాముడు తర్వాత డబ్బా, డోలు, డాబా ఏదైనా ఓకే. నోటితో కాకుండా ఒకే కాగితం మీద గొలుసులా రాస్తూ పోవాలి, ముందువాళ్ళ తప్పు పట్టుకుంటే మీ వంతు రెండుసార్లు. ప్రయాణాల్లో దీనికన్నా పొడుపుకథలు బావుంటాయి. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది" అంటే జవాబు చెప్పకూడదు, ఫోన్ నోట్స్‌లోనో చిన్న పుస్తకంలోనో రాసి చూపించాలి. చల్లకవ్వం, రెండు ఒత్తులు! కిటకిట తలుపులు కిటారి తలుపులుకి జవాబు కనురెప్పలు, అక్కడా ఒత్తు ఉంది. ఇప్పటి పిల్లల్లో కవ్వం చూసినవాళ్ళు తక్కువ కాబట్టి ఆ ఒక్కదానికి మిక్సీ పక్కన పెట్టి కథ చెప్పాల్సి వస్తుంది.

"నేనెందుకు తెలుగు రాయాలి, ఎవరు చదువుతారు" అంటాడు.

న్యాయమైన ప్రశ్న. టీచర్ తప్ప ఎవరూ చదవని రాత మీద ఎవరికి ఆసక్తి ఉంటుంది. అందుకని నిజంగా చదివే మనిషిని వెతకండి. కిరాణా చీటీ వాడితో రాయించండి: కందిపప్పు, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఇంగువ, బెల్లం, ఉప్పు. మీరు దిద్దకుండా అలాగే షాపుకి పంపండి. షాపాయన "ఇదేంటి బాబూ, మెత్తులా?" అని అడిగాడంటే ఆ సున్న జన్మలో మర్చిపోడు. ఊళ్ళో ఉన్న తాతయ్యకి ఉత్తరం, ఫ్రిజ్ మీద అమ్మకి చీటీ, పక్కింటి ఫ్రెండ్‌కి రహస్య సందేశం, ఏదైనా సరే.

తలకిందుల డిక్టేషన్ కూడా ఆడండి. వాడు చెప్పాలి, మీరు రాయాలి, కావాలని రెండు తప్పులు చెయ్యాలి. దిద్దడానికి వాడికి ఎర్ర పెన్ను ఇవ్వండి. పెన్ను అధికారం చేతికొచ్చాక పిల్లలు ఎంత కఠినమైన మాస్టార్లు అవుతారో చూడాలి మీరు.

పెళ్ళి, పెళ్లి రెండిట్లో ఏది రైట్? స్కూల్లో ఒకటి, పేపర్లో ఒకటి ఉంది.

రెండూ వాడుకలో ఉన్నాయి, నీళ్ళు–నీళ్లు, వాళ్ళు–వాళ్లు కూడా అంతే. టీచర్ ఏది రాయిస్తే నోట్‌బుక్‌లో అది రాయమనండి, రెండోది చదివినప్పుడు తప్పు అనొద్దని చెప్పండి.

ఫోన్‌లో తెలుగు టైప్ చేయిస్తే స్పెల్లింగ్ వస్తుందా?

ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టి తెలుగు వచ్చే కీబోర్డ్‌తో రాదు, అందులో వాడు కొట్టేది సగం, మిగతాది ఫోనే ఊహించి ఇస్తుంది. ధ, ద తేడా దానికి వదిలేస్తాడు. నేరుగా తెలుగు అక్షరాలున్న కీబోర్డ్ పెట్టి, సలహాలు ఆపేస్తే మాత్రం మంచి ప్రాక్టీసే, ఎందుకంటే పుస్తకం కొట్టాలంటే స, పొల్లు, త అని వరసగా ఆలోచించాలి, ఒత్తు ఎక్కడ నుంచి పుడుతుందో వేళ్ళకే అర్థమవుతుంది.

మేం అమెరికాలో ఉంటాం, పిల్లలకి మాట్లాడటమే అంతంతమాత్రం.

అక్కడి పిల్లలకి అసలు ఇబ్బంది త–ట, ద–డ దగ్గర. ఇంగ్లీష్‌లో ఉన్న శబ్దం ఈ రెండిట్లో ఏదీ కాదు, అందుకని చెవికి రెండూ ఒకటే వినిపిస్తాయి. అద్దం ముందు నిలబెట్టి నాలుక ఎక్కడ తగులుతుందో చూపించండి, త కి పళ్ళకి, ట కి పైన అంగిలికి. అత్త–అట్ట, కత్తి–కట్టి, పాత–పాట, ఇలాంటి జంటలతో చెవి ఆట ఆడి తర్వాతే రాయించండి. వీడియో కాల్‌లో అమ్మమ్మ చేత రోజుకి మూడు మాటలు డిక్టేషన్ ఇప్పించండి, పిల్లలు పలక కెమెరాకి చూపిస్తారు, అమ్మమ్మకీ కాలక్షేపం. దగ్గర్లో సిలికానాంధ్ర మనబడి తెలుగు తరగతులుంటే చేర్పించండి, 2007 నుంచి నడుపుతున్నారు. తోటి పిల్లలు రాస్తుంటే చూసి రాసే ఉత్సాహం ఇంట్లో ఒక్కళ్ళతో రాదు.

ఇంగ్లీష్ స్పెల్లింగులకి ఇవే ఆటలు సరిపోతాయా?

పరుగు డిక్టేషన్, తలకిందుల డిక్టేషన్, తొక్కుడుబిళ్ళ సరిపోతాయి. చెవి ఆటలు సరిపోవు, ఇంగ్లీష్‌లో విన్నట్టు రాస్తే మునిగిపోతాం. అక్కడ దొంగ ఉచ్చారణ పనిచేస్తుంది: రాసేటప్పుడు మనసులో "వెడ్-నెస్-డే", "క్-నైఫ్", "ఇస్-ల్యాండ్" అని అక్షరం అక్షరం చదువుకోవడం. లెఫ్టినెంట్‌ని "లై, యు, టెన్, యాంట్" అని మన స్కూళ్ళల్లో ఎప్పటినుంచో చెప్తున్నది ఇదే.

స్పెల్లింగ్ బీ, అంటే స్పెల్లింగులు చెప్పే పోటీ, దాని గురించి కూడా అడుగుతుంటారు. అమెరికాలో రత్నం చిట్టూరి గారు 1989లో మొదలెట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీల్లో మన పిల్లలు చాలామంది తయారవుతారు, 2024లో స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ గెలిచిన బృహత్ సోమ కూడా తెలుగువాళ్ళ అబ్బాయే, చివరి రౌండ్‌లో 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పాడు. ఆ స్థాయిలో పిల్లలు ఉత్త బట్టీతో సరిపెట్టరు, మాట గ్రీకు నుంచి వచ్చిందా, ఫ్రెంచ్ నుంచి వచ్చిందా అని అడిగి దాన్నిబట్టి ఊహిస్తారు. మీ పిల్లలకి ఆసక్తి ఉంటే పంపండి, లేకపోతే మూడో తరగతి వాడికి ఆ టెన్షన్ ఎందుకు.

తప్పు రాస్తే ఎలా దిద్దాలి?

మాట మొత్తం కొట్టేయకండి. "విద్యార్ది" లో వి సరైనది, ద్యా సరైనది, ర సరైనదే, తప్పు ఒత్తు దగ్గరే. సరైన అక్షరాల మీద టిక్కులు పెట్టి ఒక్కచోట మాత్రం చుక్క పెట్టండి, ఏం తప్పో వాడే వెతుక్కుంటాడు. కథ రాస్తున్నప్పుడు అసలు దిద్దకండి, తప్పొస్తుందేమో అని భయపడి వచ్చిన చిన్న మాటలతోనే సరిపెట్టేస్తారు. చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, జ్ఞానం రాయి చూద్దాం" అనడం మానేయాలి, ఇది తాతయ్యలకి కూడా చెప్పండి.

ఎన్ని ఆటలాడినా రావట్లేదు. ఎప్పుడు అనుమానపడాలి?

ఒకటి, రెండు తరగతుల్లో తప్పులు మామూలే. మూడో తరగతి చివరికొచ్చినా బాగా తెలిసిన చిన్న మాటలు కూడా ఒక్కోసారి ఒక్కోలా రాస్తుంటే, చదవడం కూడా కూడబలుక్కుంటూ ఉంటే, నోటితో అన్నీ చెప్పి రాయమంటే మొరాయిస్తుంటే, ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి, తర్వాత పిల్లల డాక్టర్‌ని అడిగి డిస్‌లెక్సియా లాంటి అభ్యాస ఇబ్బందులు చూసే సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇది కూడా ఉంది, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. బద్ధకం అని కొట్టడం, తిట్టడం మాత్రం వద్దు.

మాకే తెలుగు సరిగ్గా రాదు, మేమెలా నేర్పిస్తాం?

ఇది అడిగేవాళ్ళు చాలామందే. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్‌లం కదా మనమంతా! తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బోర్డుల స్కూళ్ళల్లోనూ తెలుగు తప్పనిసరి చెయ్యడం మొదలయ్యాక ఇంట్లో తెలుగు చదవని తల్లిదండ్రులు కూడా హోంవర్క్ చేయించాల్సి వస్తోంది. డౌట్ వస్తే పిల్లలతో కలిసి వెతకండి, ఆంధ్రభారతి సైట్‌లో చాలా నిఘంటువులు ఒకేచోట ఉన్నాయి. అక్కడ పాత నిఘంటువుల్లో మాటలు "పుస్తకము", "మధ్యాహ్నము" అని ము తో ఉంటాయి, సున్నతో వెతికి దొరకలేదని వదిలేయకండి. ఎవరి అనుమానం కరెక్టో వెతికేముందు పందెం వేసుకోండి, ఓడినవాళ్ళు ఆరోజు గిన్నెలు సర్దాలి. మా ఇంట్లో ఎక్కువగా సర్దేది నాన్నే.